‘పర్సంటేజ్ ఎంత డాక్టర్?’

“పర్సంటేజ్ ఎంత డాక్టర్?”

ఐసీయూ తలుపు దగ్గర నేను అడిగిన మొదటి ప్రశ్న ఇదే. టైమ్ రాత్రి రెండు దాటింది. నాంపల్లి స్టేషన్‌కి దగ్గర్లో ఓ ప్రైవేటు ఆసుపత్రి, మూడో అంతస్తు. లోపల నాన్న. బయట నేను, అమ్మ, బాబాయ్. ఆఫీసు నుంచి ఇంటికి, ఇంటి నుంచి ఆసుపత్రికి పరిగెత్తడంలో కంపెనీ ట్యాగ్ మెడలోనే ఉండిపోయింది. డాక్టరమ్మ దాని వంక చూశారు.

“సాఫ్ట్‌వేరా?”

“అవును మేడమ్.”

“అందుకే పర్సంటేజ్ అడుగుతున్నారు. కావాలంటే ఒక నంబర్ చెప్తాను. కానీ అది మీ నాన్నగారి నంబర్ కాదు బాబూ.”

అప్పుడు నాకు కోపం వచ్చింది. నంబర్ చెప్పడానికి ఇంత ఆలోచన ఎందుకు? పదకొండు రోజులు ఆ వరండాలో, ఆ ఇనుప కుర్చీల్లో, ఫోన్ ఛార్జర్ కోసం ప్లగ్ వెతుక్కుంటూ గడిపాక ఆవిడ మాట కొంచెం కొంచెంగా అర్థమైంది. ఇంట్లో షుగర్ ఉన్న నాన్నో, ఆయాసం ఉన్న నానమ్మో, నెలలు నిండుతున్న అక్కో ఉన్నవాళ్లకి పనికొస్తుందని ఇది రాస్తున్నా. నేను డాక్టర్‌ని కాదు. కోడ్ రాసుకునేవాణ్ని.

మాది అబిడ్స్, చిరాగ్ అలీ లేన్. నాన్నకి అక్కడే చిన్న కళ్లద్దాల షాపు. వయసు 57. పన్నెండేళ్లుగా షుగర్. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 94 కిలోలు. సిగరెట్ మానేశానంటాడు గానీ, జగదీశ్ మార్కెట్ వైపు చాయ్‌కి వెళ్లినప్పుడల్లా రెండు పడతాయని అమ్మకి తెలుసు. ఈ నంబర్లన్నీ ఎందుకు చెప్తున్నానంటే, ఐసీయూ ఫారంలో ఒక్కొక్కటీ అడిగారు. అడిగిన ప్రతిదానికీ ఒక కారణం ఉంది.

నాలుగు రోజులు ఎక్కడ పోయాయి

జనవరి అంటే మా ఏరియాకి నుమాయిష్. ఒకటో తారీకు నుంచి ఫిబ్రవరి 15 దాకా ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ చుట్టుపక్కల బండి పెట్టుకోవడానికి కూడా జాగా దొరకదు. ఆ శనివారం మేమూ వెళ్లాం. నాన్న మిర్చీ బజ్జీ తిన్నాడు, అమ్మ బేరమాడి రెండు బెడ్‌షీట్లు కొంది. జబ్బు అక్కడే అంటుకుందని నేను చెప్పను. షాపుకొచ్చిన కస్టమర్ దగ్గరైనా అంటుకుని ఉండొచ్చు. అద్దాలు సరిచూసేటప్పుడు మొహం మీద మొహం పెట్టే పని కదా ఆయనది.

సోమవారం సాయంత్రం జ్వరం, ఒళ్లునొప్పులు, పొడి దగ్గు. “గింత దానికి దవాఖానా ఎందుకురా” అన్నాడు. మంగళవారం పొద్దున మెడికల్ షాపులో చెప్పి ఒక యాంటీబయోటిక్ స్ట్రిప్పు, పారాసెటమాల్ తెచ్చుకున్నాడు. యాంటీబయోటిక్ బ్యాక్టీరియా మీద పనిచేస్తుంది, వైరస్ మీద కాదు. ఈ ముక్క నాకు కోవిడ్ టైమ్‌లోనే తెలుసు. అయినా ఏమీ అనలేదు. బుధవారం జ్వరం తగ్గింది, షాపు తెరిచాడు. ‘అయిపోయింది’ అనుకున్నాం అందరం.

గురువారం రాత్రి మెట్లెక్కుతూ మధ్యలో ఆగాడు. అల్మారాలోంచి పాత ఆక్సీమీటర్ తీశాను. 91.

ఇక్కడ నేను చేసింది చెప్పాలి. బ్యాటరీ మార్చాను. ఆయన వేలు రుద్దాను. మళ్లీ పెడితే 92. “పాత మెషీన్ నాన్నా, 2021లో కొన్నది, సరిగ్గా చూపించట్లేదు” అన్నాను. ఆఫీసులో సర్వర్ ఎర్రగా చూపిస్తే డ్యాష్‌బోర్డ్ పాడైందని వదిలేసి పడుకుంటానా? ఉద్యోగం ఉంటుందా? ఇంట్లో మాత్రం సరిగ్గా అదే చేశాను.

తర్వాత చదివితే ఇంకో సంగతి తెలిసింది. ఆక్సీమీటర్ వేలిలోంచి కాంతి పంపి లెక్కగడుతుంది. చల్లటి వేళ్లు, గోళ్ల రంగు దాన్ని తికమక పెడతాయి, నిజమే. కానీ ముదురు రంగు చర్మం ఉన్నవాళ్లలో అది తరచూ అసలు కంటే ఎక్కువ చూపిస్తుందని 2020 డిసెంబర్‌లో అమెరికా డాక్టర్లు రాశారు. మెషీన్‌లో 92 నుంచి 96 మధ్య కనిపించినప్పుడు రక్తం తీసి చూస్తే, నల్లజాతి పేషెంట్లలో 11.7 శాతం రీడింగుల్లో ఆక్సిజన్ నిజానికి 88 కంటే కింద ఉంది. తెల్లవాళ్లలో అది 3.6 శాతమే. అంటే 91 కనిపిస్తే ‘నిజానికి ఇంకా ఎక్కువే ఉంటుందిలే’ అనుకోవడం కాదు, ‘ఇంకా తక్కువేమో’ అని భయపడాలి. నేను అనుకున్నది పూర్తిగా తలకిందులు.

శుక్రవారం రాత్రి 84. ఆటోలో పది నిమిషాలు. టెస్టులో తేలింది: ఇన్‌ఫ్లుయెంజా ఏ, హెచ్1ఎన్1.

“స్వైన్ ఫ్లూనా? అది ఎప్పుడో పోయింది కదా?” అన్నాడు బాబాయ్.

పోలేదు, పేరు మారింది

ఇండియాలో స్వైన్ ఫ్లూ మొదటి కేసు తేలింది మన ఊళ్లోనే. 2009 మే 16న. అమెరికా నుంచి శంషాబాద్‌లో దిగిన 23 ఏళ్ల కుర్రాడికి. ఎర్రగడ్డ చెస్ట్ ఆసుపత్రి పేరు అప్పుడు రోజూ టీవీలో వచ్చేది. నేను స్కూల్లో ఉన్నా, కర్చీఫ్ ముక్కుకి కట్టుకుని తిరిగాం. 2010 ఆగస్టులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మహమ్మారి ముగిసిందని ప్రకటించింది. వైరస్ మాత్రం వెళ్లిపోలేదు. ఏటా వచ్చే మామూలు ఫ్లూల్లో ఒకటైపోయింది. 2015 జనవరిలో తెలంగాణని గట్టిగా తాకింది. ఆ ఏడాది దేశం మొత్తం మీద 42,592 కేసులు, 2,990 మరణాలు నమోదయ్యాయి.

వరండాలో కూర్చుని కాలిక్యులేటర్ తీశాను. 7 శాతం. గుండె జారింది. కాసేపయ్యాక బుర్ర పనిచేసింది. ఆ 42,592 మంది ఎవరు? టెస్ట్ చేయించుకున్నవాళ్లు. ఫ్లూకి టెస్ట్ దాకా వెళ్లేది ఎవరు? ఎక్కువగా అప్పటికే ముదిరినవాళ్లు. మూడు రోజులు మంచం మీద పడి లేచిన లక్షల మంది ఆ లెక్కలో లేరు. నాంపల్లి స్టేషన్ గేటు దగ్గర నిలబడి జనాన్ని లెక్కపెట్టి, ‘హైదరాబాద్‌లో ప్రతి ఒక్కడి చేతిలో సూట్‌కేస్ ఉంటుంది’ అని రాసినట్టు ఉంటుంది ఇది. కోవిడ్ మొదట్లో ‘ఆసుపత్రుల్లో సిగరెట్ తాగేవాళ్లు తక్కువగా కనిపిస్తున్నారు, పొగ కాపాడుతుందేమో’ అని వచ్చిన వార్తలు గుర్తున్నాయా? అదీ చాలావరకు ఈ గేటు దగ్గర లెక్కే. ఎవరికి టెస్ట్ చేశారు, అలవాటు గురించి అసలు అడిగి రాసుకున్నారా అన్నదాన్ని బట్టి బొమ్మ మారిపోతుంది. నాన్న ఈ వార్త అప్పట్లో అమ్మకి చదివి వినిపించాడు కూడా.

మరి ఎవరికి ముదురుతుంది? 2009లో డాక్టర్లని ఆశ్చర్యపరిచింది ఏంటంటే, ఫ్లూ అంటే ముసలివాళ్లని తీసుకెళ్లేది అనుకుంటే, ఈసారి ఐసీయూల్లో నడివయసువాళ్లు, కుర్రాళ్లు ఎక్కువగా కనిపించారు. 1957కి ముందు పుట్టినవాళ్లు చిన్నప్పుడే ఈ వైరస్‌కి దూరపు చుట్టాల్ని చూసి ఉన్నారు, వాళ్ల ఒంటికి కొంత గుర్తుంది. ఇంకో షాక్ గర్భిణులు. అమెరికా జనాభాలో వాళ్లు దాదాపు 1 శాతం, ఆ ఏడాది స్వైన్ ఫ్లూ మరణాల్లో దాదాపు 5 శాతం. కడుపు పెరిగేకొద్దీ ఊపిరితిత్తులకి జాగా తగ్గుతుంది, ఒంట్లో రోగనిరోధక శక్తి తీరూ మారుతుంది. ప్రసవమైన రెండు వారాల దాకా ఈ రిస్క్ ఉంటుందట.

కోవిడ్ అలా కాదు. అక్కడ వయసే పెద్ద లెక్క. తెలంగాణలో మొదటి కోవిడ్ కేసు, 2020 మార్చి 2న బయటపడింది, 24 ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ది. గాంధీలో చేరాడు, కోలుకుని ఇంటికెళ్లాడు. వయసు మీద పడినవాళ్లందరికీ అలా జరగలేదు.

రెండింటిలోనూ కామన్‌గా ఉన్నవి నాన్న ఫారంలో ఉన్నవే. షుగర్. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే తెల్లకణాలు మందకొడిగా పనిచేస్తాయి. బరువు. పడుకున్నప్పుడు పొట్ట బరువు ఊపిరితిత్తుల అడుగు భాగాన్ని నొక్కేస్తుంది. అక్కడి గాలి గదులు మూసుకుపోతాయి, రక్తం మాత్రం అటే పారుతుంది. గాలి లేని చోటికి రక్తం వెళ్తే ఆక్సిజన్ ఎక్కడ దొరుకుతుంది? పొగ. గొంతులో చెత్తని పైకి తోసే సన్నటి నూగుని అది ముందే చంపి పెడుతుంది. కిడ్నీ జబ్బు, గుండె జబ్బు, ఆస్తమా, కేన్సర్ మందులు, అన్నీ ఇదే జాబితాలోవి.

“ఇవన్నీ మీరు మార్చగలిగినవే, కానీ ఐదేళ్ల ముందు. ఈ తలుపు దగ్గర మార్చగలిగింది ఒక్కటే ఉండేది. టైమ్” అన్నారు డాక్టరమ్మ. తిట్టినట్టు కాదు, మామూలుగానే. ఫ్లూకి ఓసెల్టమివిర్ అనే మందు ఉంది. లక్షణాలు మొదలైన 48 గంటల్లో పడితే బాగా పనిచేస్తుంది. తర్వాతైనా ఆసుపత్రిలో చేరినవాళ్లకి ఇస్తారు, కానీ ఆలస్యమైన కొద్దీ దాని బలం తగ్గిపోతుంది. ఒకప్పుడు మన దేశంలో ఆ మందు కొన్ని షాపుల్లోనే దొరికేది. 2017లో రూలు మార్చారు, డాక్టర్ చీటీ ఉంటే మామూలు మెడికల్ షాపులో కూడా ఇస్తారు. నాన్న మంగళవారం వెళ్లింది మెడికల్ షాపుకే. చీటీ లేకుండా వెళ్లాడు, వేరే స్ట్రిప్పుతో వచ్చాడు. ఓసెల్టమివిర్ ఆయన నోట్లో పడింది శుక్రవారం అర్ధరాత్రి దాటాక. నాలుగు రోజులు దాటిపోయాయి.

88

మేడమ్ నాకు ఒక నంబర్ చెప్పారు. రక్తంలో ఆక్సిజన్ ఒత్తిడిని, ఇస్తున్న గాలిలో ఆక్సిజన్ వంతుతో భాగిస్తే వచ్చేది. మనం పీల్చే మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం, అంటే 0.21. ఆరోగ్యంగా ఉన్నవాడి రక్తంలో ఒత్తిడి 95 ఉందనుకోండి. 95ని 0.21తో భాగిస్తే 450 పైనే. నాన్నకి 70 శాతం ఆక్సిజన్ ఇస్తుంటే రక్తంలో 62 ఉంది. భాగిస్తే 88.

2012లో బెర్లిన్ పేరుతో ఒక నిర్వచనం ఖాయం చేశారు. ఈ నంబర్ 300 కంటే తగ్గితే ఊపిరితిత్తులు దెబ్బతిన్నట్టు, 200 కంటే తగ్గితే మధ్యస్థం, 100 కంటే తగ్గితే తీవ్రం. వాళ్లు చూసిన పేషెంట్లలో ఈ మూడు గుంపుల్లో చనిపోయినవాళ్లు 27, 32, 45 శాతం.

“అంటే 45 శాతమా మేడమ్?”

“ఆ గుంపులో వంద మంది ఉంటే 45 మంది పోయారు, 55 మంది ఇంటికెళ్లారు. మీ నాన్నగారు ఆ 45లోనా, 55లోనా అన్నది ఈ కాగితం చెప్పదు. రేపు, ఎల్లుండి ఎలా ఉన్నారో చూస్తే కొంచెం తెలుస్తుంది.”

ఆవిడ చూసేది ఒక్క ఆక్సిజన్ కాదు. బీపీ నిలబడిందా, కిడ్నీలు పనిచేస్తున్నాయా, మనిషి మాట తడబడుతోందా, ప్లేట్‌లెట్లు ఎంత, లివర్ ఎలా ఉంది. ఆరు భాగాలకి సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు, మొత్తం 24. ఇది మార్కులు తక్కువొస్తే పాసయ్యే పరీక్ష. మొదటి రోజు మార్కుల కంటే మూడో రోజు అవి పెరిగాయా తగ్గాయా అన్నదే ఎక్కువ చెప్తుందట.

ఇంట్లో మనం చూసుకోగలిగింది ఇంకా సింపుల్. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో పూర్తి అరవై సెకన్లు లెక్కపెట్టాలి. పెద్దవాళ్లకి 12 నుంచి 20 మామూలు. 30 దాటితే అది ఎమర్జెన్సీ. మనిషి పొంతన లేకుండా మాట్లాడినా అంతే. గురువారం రాత్రి నేను ఆక్సీమీటర్ బ్యాటరీ మార్చాను గానీ నాన్న ఛాతీ వంక ఒక్క నిమిషం చూడలేదు.

సంతకం

శనివారం మధ్యాహ్నం మాస్కుతో లాగలేకపోతున్నాడని, వెంటిలేటర్ పెట్టాలని, సంతకం కావాలన్నారు.

బాబాయ్ వద్దన్నాడు. అమ్మ ఏడుస్తూ అటూ ఇటూ చూసింది. బాబాయ్ చెడ్డవాడు కాదు. 2021లో తన ఫ్రెండు ఇలాగే వెళ్లాడు, తిరిగి రాలేదు. “వెంటిలేటర్ ఎక్కించారంటే ఇక అంతేరా. నేను చూసినోళ్లలో ఒక్కడు రాలె. అన్నని నేను దాని మీద పెట్టనియ్య.” నేను ఫోన్ తీసి గూగుల్ చేశాను. అదీ బాబాయ్ వైపే మాట్లాడింది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు ఎక్కువ. ప్రతి పేపర్లో అదే.

రెండు గంటలు కూర్చున్నాం. ఈ రెండు గంటలు నాకు ఇప్పటికీ రాత్రుళ్లు గుర్తొస్తాయి.

మేడమ్ ఓపిగ్గా వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నారు. “మీరు అన్నది నిజమే సార్, వెంటిలేటర్ మీద పెట్టినవాళ్లు ఎక్కువ మంది పోతారు. ఎందుకంటే ఎక్కువ జబ్బు ఉన్నవాళ్లకే పెడతాం. అబిడ్స్‌లో ఫైరింజన్ వెళ్లిన ప్రతి ఇంట్లో మంటలు ఉంటాయి. ఫైరింజనే తగలబెట్టిందా?”

బాబాయ్ ఏమీ అనలేదు.

“ఆయన ఇప్పుడు నిమిషానికి 42 సార్లు లాగుతున్నారు. మెడ కండరాలు చూడండి. ఇంత బలంగా లాగితే ఆ లాగడమే దెబ్బతిన్న ఊపిరితిత్తుల్ని ఇంకా చింపుతుంది. ఇంకో ఆరు గంటలకి అలసిపోయి, గుండె ఆగబోయే ముందు ట్యూబ్ వేయాల్సొస్తుంది. అప్పుడు వేస్తే మీరన్నదే నిజమవుతుంది.”

సంతకం నేను పెట్టాను. నాన్న నన్ను చూసి కళ్లతోనే ‘ఏంది’ అన్నాడు. “ఏం కాదు నాన్నా, కొంచెం సేపు పడుకో” అన్నాను.

బాబాయ్‌ని ఓడించానని కాదు. ఇలాంటి రెండు గంటలు ఎన్ని ఇళ్లలో రోజంతా అవుతాయో. పెద్దవాళ్లకి షుగరో ఆయాసమో ఉన్న ఇంట్లో ఈ మాట ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఒకసారి మాట్లాడుకుని ఉంటే బాగుండేదనిపించింది. నాన్ననే అడిగుంటే ఏమనేవాడో మాకు తెలిసేది.

టేపు పట్టుకుని వచ్చిన సిస్టర్

వెంటిలేటర్ సెట్ చేసే ముందు ఒక సిస్టర్ టైలర్ టేపు తెచ్చి నాన్న ఎత్తు కొలిచింది. పేషెంట్ ఎత్తు ఎందుకు? అడిగాను. నాకు నచ్చిన లెక్క ఇదే.

వెంటిలేటర్ ఒక్కో ఊపిరికి ఎంత గాలి తోయాలన్నది మనిషి బరువుని బట్టి కాదు, ఎత్తుని బట్టి. మనిషి లావైనంత మాత్రాన ఊపిరితిత్తులు పెద్దవి కావు. మగవాళ్లకి ఫార్ములా: ఎత్తులోంచి 152.4 తీసేసి, 0.91తో గుణించి, 50 కలపాలి. నాన్నకి 64 కిలోలు వచ్చింది. కిలోకి 6 మిల్లీలీటర్లు చొప్పున, ఒక్కో ఊపిరికి 385 మిల్లీలీటర్లు. పొరపాటున 94 కిలోలకి లెక్క వేసి, పాతకాలం లెక్కన కిలోకి 12 తోసుంటే? 1,128. మూడింతలు. బెలూన్ గట్టిగా ఊదినట్టే.

ఇది ఊహ కాదు. 2000లో అమెరికాలో 861 మంది మీద ఈ రెండు లెక్కలూ పోల్చి చూశారు. 12 చొప్పున తోసినవాళ్లలో 39.8 శాతం చనిపోయారు. 6 చొప్పున తోసినవాళ్లలో 31 శాతం. కొత్త మందు లేదు, కొత్త మెషీన్ లేదు. కాన్ఫిగరేషన్‌లో ఒక నంబర్ మార్చారు, అంతే. ప్రొడక్షన్‌లో ఒక్క వేల్యూ తప్పు పెట్టి రాత్రంతా మేలుకున్న ఎవరికైనా ఇది అర్థమవుతుంది.

అదే రాత్రి నాన్నని బోర్లా తిప్పారు. ఆరుగురు కలిసి, ట్యూబులు ఊడకుండా. రోజుకి పదహారు గంటలు అలాగే. బోర్లా ఉంటే వీపు వైపు మూసుకుపోయిన గాలి గదులు తెరుచుకుంటాయి. ఫ్రాన్స్‌లో 2013లో 466 మంది మీద చూసిన ఫలితం: వెల్లకిలా ఉంచినవాళ్లలో 28 రోజుల్లో 32.8 శాతం పోతే, బోర్లా పడుకోబెట్టినవాళ్లలో 16 శాతం. సగం. అద్దంలోంచి నాన్న మొహం ఉబ్బిపోయి కనిపిస్తే అమ్మ చూడలేకపోయింది.

“స్టెరాయిడ్ ఎందుకు ఇవ్వట్లేదు? కోవిడ్‌లో అందరికీ ఇచ్చారుగా” అని నేనే అడిగాను, చదివిన గర్వంతో. నిజమే, 2020 జూన్‌లో బ్రిటన్ వాళ్లు చూపించారు. వెంటిలేటర్ మీదున్న కోవిడ్ పేషెంట్లకి డెక్సామెథసోన్ ఇస్తే మరణాలు 41 శాతం నుంచి 29కి తగ్గాయి. కానీ ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకి అదే మందు లాభం చూపలేదు. ఫ్లూలో అయితే స్టెరాయిడ్ తీసుకున్నవాళ్లలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. అక్కడ కూడా ఫైరింజన్ గొడవ కొంత ఉంది, ముదిరినవాళ్లకే ఇచ్చి ఉంటారు. అయినా ఫ్లూ ఒక్కటే కారణమైతే మామూలుగా ఇవ్వరు.

పైగా నాన్నకి షుగర్. 2021 వేసవిలో కోఠీ ఈఎన్‌టీ ఆసుపత్రి ముందు ఏం జరిగిందో మా అబిడ్స్ వాళ్లకి చెప్పక్కర్లేదు, నడిచి వెళ్లేంత దూరం. బ్లాక్ ఫంగస్ కేసులు చాలావరకు అక్కడికే. కింగ్ కోఠీలో కోవిడ్, కోఠీలో ఫంగస్. ఊపిరితిత్తుల్ని కాపాడిన మందే రక్తంలో చక్కెర పెంచింది, చాలామంది అవసరం లేకుండానే, ఎక్కువ రోజులు వాడారు. ఆ చక్కెర మీద ఫంగస్ పెరిగింది. ఐసీయూలో గెలిచి బయటికొచ్చి కన్ను పోగొట్టుకున్నవాళ్లున్నారు. అందుకే సిస్టర్ ప్రతి గంటకీ నాన్న వేలు గుచ్చి షుగర్ చూసేది.

పక్క కుర్చీ

వరండాలో నా పక్క కుర్చీ మల్లేపల్లి కుర్రాడిది. నా వయసే. లోపల వాళ్ల అన్న, 34 ఏళ్లు. షుగర్ లేదు, బీపీ లేదు, సిగరెట్ లేదు, రోజూ జిమ్. అదే ఫ్లూ. రెండో రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లారు, ఓసెల్టమివిర్ టైమ్‌కే పడింది. నా లెక్కల ప్రకారం మొత్తం ఐసీయూలో అందరికంటే సేఫ్ ఆయనే. ఆ కుర్రాడితో ఆ మాట అన్నాను కూడా. “మీ భాయ్ ముందు బయటికొస్తాడు, చూడు.” ఇద్దరం రాత్రి స్టేషన్ ఎదురుగా ఉస్మానియా బిస్కెట్, చాయ్ తాగేవాళ్లం. బిల్లు ఒకరోజు తను, ఒకరోజు నేను.

ఫ్లూ వైరస్ ఊపిరితిత్తుల లోపలి పొర ఒలిచేస్తుంది. ఆ పచ్చి పుండు మీద బ్యాక్టీరియా దిగుతుంది. 1918 మహమ్మారిలో చనిపోయినవాళ్లలో ఎక్కువ మందిని చివరికి చంపింది ఇలా తర్వాత వచ్చిన బ్యాక్టీరియా న్యుమోనియానే అని, దాచిపెట్టిన ఆనాటి ఊపిరితిత్తుల ముక్కల్ని చూసి 2008లో తేల్చారు. వాటిలో స్టెఫిలోకాకస్ అనేది మన ముక్కులోనే ఊరికే ఉండే పురుగు. అది దిగితే జిమ్ బాడీ అని చూడదు. గంటల్లో బీపీ పడిపోతుంది.

ఆయనకి అదే దిగింది. ఆరో రోజు తెల్లవారుజామున కుర్రాడిని లోపలికి పిలిచారు. బయటికొచ్చి నా పక్కనే కూర్చున్నాడు. ఏం అనాలో తెలియక వాటర్ బాటిల్ ఇచ్చాను. నా ఫోన్లో ఇంకా ఆ మార్కుల పేజీ తెరిచే ఉంది. మూసేశాను. మళ్లీ మేడమ్‌ని పర్సంటేజ్ అడగలేదు.

నాన్నకి అదే రోజు ఆ భాగారం 88 నుంచి 190కి వచ్చింది. తొమ్మిదో రోజు ట్యూబ్ తీశారు. మొదటి మాట గొంతు బొంగురుగా “షాపు?” అన్నాడు. పదకొండో రోజు వార్డుకి మార్చారు. అప్పటికి కాళ్లలో కండ కరిగిపోయింది. గ్లాసు పట్టుకోవడానికి రెండు చేతులూ కావాల్సొచ్చింది. నడవడానికి మూడు వారాలు, షాపుకి రావడానికి రెండు నెలలు. ఇప్పుడు కూడా మెట్ల మధ్యలో ఆగుతాడు, కానీ ‘లెక్కపెట్టరా’ అని తనే అంటాడు. సిగరెట్ మాత్రం నిజంగానే మానేశాడు. జగదీశ్ మార్కెట్ చాయ్ వాడే సాక్షి.

డిశ్చార్జ్ కాగితంలో చివర రాశారు: ఏటా ఫ్లూ టీకా. షుగర్ ఉన్నవాళ్లు, ఆస్తమా, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు, గర్భిణులు, పెద్దవాళ్లు తప్పకుండా డాక్టర్‌ని అడగాల్సిన టీకా. అది ఫ్లూ అసలు రాకుండా ప్రతిసారీ ఆపలేదు, వైరస్ వేషం మారుస్తుంది కాబట్టి ఏటా కొత్తది వేసుకోవాలి. వచ్చినా ఐసీయూ దాకా వెళ్లే అవకాశం తగ్గిస్తుంది. పన్నెండేళ్ల షుగర్ పేషెంట్‌కి ఈ టీకా ఒకటుందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. కోవిడ్‌కి రెండు డోసులు, బూస్టర్ లైన్లో నిలబడి వేయించిన నేను కూడా దీన్ని ఎప్పుడూ వెతకలేదు.

అక్టోబర్‌లో నాన్నకి, అమ్మకి వేయించాను. బాబాయ్ తనంతట తనే వచ్చి చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ఆ సాయంత్రమే మల్లేపల్లి కుర్రాడి ఫోన్. తొమ్మిది నెలల తర్వాత.

“భాయ్, మా అమ్మీకి షుగర్ ఉంది. ఆ సూది ఎక్కడ వేస్తారు?”

లొకేషన్ పంపాను. మర్నాడు పొద్దున అక్కడే కలుస్తానన్నాను.